తన్నినవాడు, తన్నించుకున్నవాడు, నవ్వినవాళ్ళు: బాబూమోహన్ హాస్యం మీద కొన్ని ప్రశ్నలు

హాస్యనటుల గురించి మన పత్రికల్లో రాసే పద్ధతి ఒకటుంది. ఎక్కడ పుట్టారు, ఎన్ని సినిమాల్లో వేశారు, ఏ అవార్డు వచ్చింది, ఎంతమందిని కడుపుబ్బా నవ్వించారు అని చెప్పి ముగించేస్తారు. నవ్వించినవాడి గురించే రాస్తారు గానీ నవ్వినవాళ్ళ గురించి రాయరు. ఎవరు నవ్వారు, దేన్ని చూసి నవ్వారు, ఆ నవ్వు సినిమాహాలు దాటి బయటికొచ్చాక ఎవరి మీద పడింది అన్న ప్రశ్న అక్కడ ఉండదు. బాబూమోహన్ విషయంలో ఆ ప్రశ్న వేయకుండా ఒక్క వాక్యం కూడా రాయలేమని మేం అనుకుంటున్నాం.

ముందు మా సంగతి చెప్పుకోవాలి. మాది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సరిహద్దులో ఒక ఊరు. ఇంట్లో డిగ్రీ మెట్లెక్కిన మొదటి తరం మాదే. ఆరో తరగతి నుంచి సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగాం. ఆదివారం టీవీలో సినిమా చూడనిచ్చేవారు. సోమవారం సాయంత్రం హాస్టల్ వెనకాల ఆట ఉండేది. కబడ్డీ కాదు, గోళీలు కాదు. దాని పేరు కోటా-బాబూమోహన్ ఆట. ఒకడు కోట శ్రీనివాసరావు, ఇంకొకడు బాబూమోహన్. కోట అయినవాడు తన్నాలి. బాబూమోహన్ అయినవాడు గాల్లోకి ఎగిరి పడి, దులుపుకుని లేచి, మళ్ళీ ఏదో వాగాలి. మళ్ళీ తన్ను. చుట్టూ ఉన్నవాళ్ళం పడీ పడీ నవ్వాలి.

ఎవడు బాబూమోహన్ అవ్వాలన్నది ఎవరూ పంచాయతీ పెట్టి తేల్చలేదు. మా అందరిలోకీ నల్లగా, పొట్టిగా, అతుకుల నిక్కరుతో ఉండే గుంటడే ప్రతిసారీ బాబూమోహన్. ఒకరోజు వాడు ఎదురుతిరిగి "ఈ రోజు నాను కోటనౌతాను" అన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు. "నువ్వు కోటేటిరా, నీ మొకం అద్దంలో సూసుకో" అన్నాం. అన్నది ఏ అగ్రకులపు పిల్లవాడో కాదు. ఆ హాస్టల్లో ఉన్నవాళ్ళం అందరం ఎస్సీలమే. అన్నది మేమే, నవ్వింది మేమే.

ఈ వ్యాసం ఆ ఆట దగ్గర నుంచే మొదలవుతోంది.

తన్ను తినడంలోని లెక్క

బాబూమోహన్ 1952లో ఖమ్మం జిల్లా బీరోలులో పుట్టారు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ నటన మీద మోజుతో సినిమాల్లోకి వెళ్ళారు. ఈ ఒక్క వాక్యం మామూలు జీవిత చరిత్రల్లో తేలిగ్గా దాటిపోతారు. మా వాడల్లో పుట్టినవాళ్ళు దాటిపోలేరు. దళితుడికి సర్కారు ఉద్యోగం అంటే నెల జీతం ఒక్కటే కాదు. ఊళ్ళో దొర ముందు తుండు దించకుండా నిలబడే హక్కు. ఒక్క ఉద్యోగం వస్తే మూడు పొయ్యిలు వెలుగుతాయి. అలాంటి ఉద్యోగంలో ఉన్న మనిషి, చుట్టాలూ పరిచయాలూ కులబలమూ పెట్టుబడిగా నడిచే సినిమా రంగం మీదికి చూపు తిప్పడమే పెద్ద సాహసం. అక్కడ ఆయనకి అన్న లేడు, బావ లేడు, నిర్మాత అయిన మేనమామ లేడు.

'ఆహుతి', 'అంకుశం' లాంటి సినిమాల్లో చిన్న వేషాలతో మొదలయ్యారు. 1991లో ముత్యాల సుబ్బయ్య తీసిన 'మామగారు'లో కోటను వదలకుండా వెంటపడే బిచ్చగాడి వేషం ఆయన్ని ఇంటింటికీ చేర్చింది. ఆ వేషానికి నంది అవార్డు వచ్చింది. అక్కణ్ణించి కోట-బాబూమోహన్ జంట తెలుగు సినిమాకి అలవాటైపోయింది. ఎస్.వి.కృష్ణారెడ్డి తీసిన 'రాజేంద్రుడు గజేంద్రుడు', 'మాయలోడు' రెండూ 1993లో వచ్చాయి. తొంభైల మొదటి సగమంతా ఈ జంట వరసగా కనబడింది. జంట గుర్తు ఒకటే: తన్ను.

ఇక్కడ ఒక మాట ఆయన కళ గురించి చెప్పి తీరాలి. తన్నే పని ఎవరైనా చేయగలరు. తన్ను తినే పనిలోనే లెక్కంతా ఉంది. కాలు ఇంకా గాల్లో ఉండగానే కళ్ళల్లో ఆ సంగతి తెలియాలి. తెలిసినా నోటిమాట ఆగకూడదు. ఎగరడంలో అర క్షణం ముందైతే దొంగాట అనిపిస్తుంది, అర క్షణం వెనకైతే దెబ్బ అనిపించి జనం నవ్వరు, అయ్యో అంటారు. పడ్డాక లేచి, ఏమీ జరగనట్టు ఆగిన మాటని ఆగిన చోటే అందుకోవాలి. బాబూమోహన్ పడి లేచే పద్ధతిలో ఈ లెక్క ఎక్కడా తప్పదు. అంటే ఆ సీన్లలో నవ్వుకి తాళం వేసింది తన్నినవాడి కాలు కాదు, తన్నించుకున్నవాడి ఒళ్ళు. కానీ హాల్లోంచి బయటికొచ్చే జనం "కోట ఏం తన్నాడ్రా" అనుకుంటూ వచ్చారు. పని ఒకడిది, పేరు ఇంకొకడిది అవడం మనకి పొలాల్లో తెలిసిన సంగతే. సినిమాలోనూ అదే జరిగింది.

కాలు ఎవరిది

'మామగారు' వచ్చిన 1991లోనే చుండూరు జరిగింది. దానికి నాంది ఎక్కడ పడిందో గుర్తు చేసుకోవాలి. ఆ జులైలో ఒక సినిమా హాల్లో దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకుల యువకుడికి తగిలింది. అంతే. కొట్లాట, సాంఘిక బహిష్కరణ, చివరికి ఆగస్టు 6న 8 మంది దళితుల హత్య. కేసు పదహారేళ్ళు నడిచి 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది.

సినిమాకీ హత్యలకీ కారణ సంబంధం ఉందని మేం అనడం లేదు. అలా అంటే అది విమర్శ అవదు, నింద అవుతుంది. మేం చూపించదలచుకున్నది ఒక్కటే. హాలు కుర్చీల్లో దళితుడి కాలు పొరపాటున తగిలితే ఊరు ఊరంతా లేచింది. అదే ఏడాది తెర మీద బిచ్చగాడి వేషంలో ఉన్న నటుడికి కావాలని తన్ను తగులుతుంటే రాష్ట్రం రాష్ట్రమంతా నవ్వింది. మొదటిది అవమానం, రెండోది వినోదం. ఎవరి కాలు ఎవరికి తగిలితే నవ్వు, ఎవరి కాలు ఎవరికి తగిలితే రక్తం అన్న లెక్క సినిమావాళ్ళు తయారు చేసింది కాదు. అది ఊళ్ళల్లో ఉన్నదే. సినిమా దాన్ని చేతిలోకి తీసుకుని నవ్వుకి పనికొచ్చేట్టు చేసుకుంది.

మా ప్రాంతం ఇందుకు వేరేం కాదు. ఉత్తరాంధ్ర అమాయకుల నేల, ఇక్కడ కుల పట్టింపులు తక్కువ అని కోస్తా నుంచి వచ్చిన మేష్టార్లు మాకు చెప్పేవారు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస ప్రాజెక్టు భూమి తగాదాలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. అప్పుడు అది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. జిల్లా పేరు మారింది గానీ ఆ పేట అక్కడే ఉంది.

మాకు ఎదురయ్యే ప్రశ్న

ఇలా మాట్లాడితే మిత్రులే అడుగుతారు. తమిళంలో గౌండమణి సెంథిల్ని తన్నలేదా, తెల్లవాళ్ళ సినిమాల్లో లావాటివాడు సన్నటివాణ్ణి కొట్టలేదా, తన్ను హాస్యంలో పాత వస్తువే కదా, దాన్లో కులం ఎందుకు వెతుకుతారు అని. న్యాయమైన ప్రశ్నే. కోటకి గానీ ఆ దర్శకులకి గానీ కుల దురుద్దేశం అంటగట్టడం మా ఉద్దేశం కాదు. కోట, బాబూమోహన్‌ల స్నేహం మీదా మాకు అనుమానం లేదు. కోట గొప్ప నటుడు. 2025 జులై 13న ఆయన పోయినప్పుడు మేమూ బాధపడ్డాం.

కానీ హాస్యం ఉద్దేశాలతో నడవదు, ఎంపికలతో నడుస్తుంది. ఎవరు తన్నాలి, ఎవరు పడాలి అనేది ఎంచినప్పుడు ఎంచినవాడికి కులం గుర్తుండనక్కర్లేదు. మా హాస్టల్లో మేం ఎంచినప్పుడు కులం గుర్తుందా? లేదు. నలుపు గుర్తుంది, పొట్టి గుర్తుంది, అతుకుల నిక్కరు గుర్తుంది. కులం తన పేరు చెప్పకుండా ఒంటి రంగుగా, బట్టగా, యాసగా వచ్చి కూర్చుంటుంది. తెర మీద ఆయనకి ఇచ్చిన వేషాలు ఒక్కసారి వరసగా పెట్టి చూడండి: బిచ్చగాడు, పనివాడు, వెంటతిరిగేవాడు, బుద్ధి తక్కువవాడు. ఒక్కొక్కటి విడిగా చూస్తే హాస్య పాత్రే. అన్నీ కలిపి చూస్తే ఊళ్ళో మనకి కేటాయించిన చోటు.

ఇది తెలుగువాళ్ళ ఒక్కళ్ళ కథా కాదు. అమెరికాలో బెర్ట్ విలియమ్స్ అని నల్లజాతి హాస్యనటుడు ఉండేవాడు. 1910లో న్యూయార్క్‌లో అతి పెద్ద తెల్లవాళ్ళ రంగస్థల ప్రదర్శన జీగ్‌ఫెల్డ్ ఫాలీస్‌లో చేరాడు. నల్లవాడైన ఆయన కూడా వేదిక ఎక్కేటప్పుడు ముఖానికి మసి పూసుకోవాల్సి వచ్చింది. తెల్లవాళ్ళు నవ్వడానికి ఒప్పుకున్నది నల్లమనిషిని కాదు, తాము తయారుచేసుకున్న నల్లబొమ్మని. ఆ బొమ్మలో దూరితే గానీ మనిషికి లోపలికి దారి లేదు. నల్లజాతి విమర్శకులు ఆయన్ని వెలివేయలేదు, వెనకేసుకొచ్చి ఊరుకోనూ లేదు. మసి వెనక ఉన్న కళనీ, మసి పూయించిన వ్యవస్థనీ రెండూ చూశారు. మనకి ఆ పద్ధతి కావాలి.

పాత్ర ఉంది, మనిషి లేడు

తెలుగు సినిమాలో దళితుల గురించి మాట్లాడాల్సి వస్తే అందరూ 1938 నాటి 'మాలపిల్ల' పేరు చెబుతారు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం, చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. తాపీ ధర్మారావు మా ఉత్తరాంధ్రలో చదువుకున్నవారే. ఆ రోజుల్లో అంత సాహసం చేసినందుకు ఆ సినిమా పట్ల మాకు గౌరవం ఉంది. కానీ అది మాలల గురించి తీసిన సినిమా, మాలలు తీసిన సినిమా కాదు. అక్కడ దళిత పాత్ర ఉంది, ఆ పాత్రని సంస్కరించే మంచి మనుషులు ఉన్నారు, చివరికి హృదయ పరివర్తన ఉంది. దళితుడు మాత్రం తెరకి ఇవతలే, నేల టికెట్టులో కూర్చుని ఉన్నాడు.

యాభై ఏళ్ళ తర్వాత బాబూమోహన్ వచ్చేసరికి లెక్క తిరగబడింది. ఈసారి తెర మీద మనిషి ఉన్నాడు, పాత్రకి కులం లేదు. ఆయన వేసిన బిచ్చగాడు ఏ పేట నుంచి వచ్చాడో తెలీదు. వాడికి అమ్మా అయ్యా లేరు, ఊరు లేదు, కోపం లేదు. ఉన్నది ఆకలి ఒక్కటి, అది కూడా నవ్వుకే. దళిత పాత్రని దళితుడు కానివాళ్ళ చేతిలో పెట్టారు. దళిత నటుడు వచ్చాక పాత్రలోంచి దళితుణ్ణి తీసేశారు. మనిషీ పాత్రా ఒకే తెర మీద కలవకుండా యాభై ఏళ్ళు గడిచాయి. దీన్ని యాదృచ్ఛికం అనుకోవడానికి మా మనసు ఒప్పుకోవడం లేదు.

వాన పాట

అయితే కథ ఇంతే అయితే బాబూమోహన్ గురించి రాయాల్సిన పని లేదు. 'మాయలోడు'లో ఒక వాన పాట ఉంది. సౌందర్య పక్కన ఆడింది హీరో రాజేంద్రప్రసాద్ కాదు, బాబూమోహన్. హీరో డేట్లు కుదరక అలా తీయాల్సొచ్చిందని తర్వాత చెప్పుకున్నారు. ఏ కారణం వల్ల తెరిచినా తలుపు తెరుచుకుంది.

ఆ పాటని ఇప్పుడు మళ్ళీ చూడండి. వానలో కథానాయికతో ఆడే పాట తెలుగు సినిమాలో హీరోకి రాసిచ్చిన ఆస్తి. ఆ ఆస్తిలోకి ఒక హాస్యనటుడు అడుగుపెట్టాడు. పెట్టి కోతిచేష్టలు చేయలేదు. జారిపడలేదు. వెకిలిగా పళ్ళికిలించలేదు. తాళానికి తగ్గ అడుగు వేస్తూ, హుందాగా, ఆనందంగా ఆడాడు. నిన్నటిదాకా తన్ను తిన్న ఒళ్ళే అది. ఆ ఒంటికి లయ ఉందనీ, ఆ ముఖానికి సంతోషం నప్పుతుందనీ ఒక్క పాటలో తేలిపోయింది. పాట ఎంత హిట్టయిందో చెప్పక్కర్లేదు. 1994లో అదే దర్శకుడు 'శుభలగ్నం'లో ఆ పాటనే ఇంకోసారి అలీ, సౌందర్యల మీద తీశారు.

మా హాస్టల్లో ఆ పాట వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. నోళ్ళు తెరుచుకుని చూశాం. మర్నాడు ఆ పాట ఆట కాలేదు. ఎందుకు కాలేదో అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలుస్తోంది. తన్ను తినే బాబూమోహన్ని అనుకరించడం మాకు వచ్చు, అది రోజూ చూస్తున్నదే. ఆనందంగా ఆడే బాబూమోహన్ని ఎలా అనుకరించాలో మాకు ఎవరూ నేర్పలేదు.

మన విమర్శకులకి కూడా ఆ పాట కనబడలేదు. దళిత సాహిత్య విమర్శ కవిత్వాన్ని, కథని, నవలని పట్టుకుంది. పట్టుకోవాల్సిందే. కానీ మన పేటల్లో కవిత్వ సంకలనం చదివినవాళ్ళు ఎంతమంది, బాబూమోహన్ని చూసినవాళ్ళు ఎంతమంది? ఆయన గురించి మనం ఎందుకు రాయలేదు? సిగ్గు వల్ల అని మా అభిప్రాయం. ధిక్కరించే దళితుడు మనకి కావాలి. తన్ను తిని లేచి నవ్వే దళితుడు మనకి ఇబ్బంది. ఆ ఇబ్బందిని దాటకపోతే మన అమ్మానాన్నల జీవితాన్ని కూడా మనం చదవలేం. వాళ్ళు కూడా దొర మాటకి పైకి నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చి, తెల్లారి మళ్ళీ పనికెళ్ళి మనల్ని చదివించినవాళ్ళే.

ఒకే సభలో ఇద్దరు

1998లో మెదక్ జిల్లా అందోలు ఉపఎన్నికలో తెలుగుదేశం తరఫున బాబూమోహన్ గెలిచారు. అది ఎస్సీ రిజర్వుడు స్థానం. 1999లో మళ్ళీ గెలిచి చంద్రబాబునాయుడు మంత్రివర్గంలో కార్మిక శాఖ మంత్రి అయ్యారు. అదే 1999 ఎన్నికల్లో విజయవాడ తూర్పు నుంచి బీజేపీ తరఫున కోట శ్రీనివాసరావు ఎమ్మెల్యే అయ్యారు. రెండు పార్టీలూ అప్పుడు పొత్తులో ఉన్నాయి.

ఈ దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. తెర మీద తన్నినవాడు మామూలు సభ్యుడు. తన్నించుకున్నవాడు మంత్రి. సభా మర్యాద ప్రకారం తన్నిన కోట లేచి "గౌరవనీయ మంత్రిగారూ" అనాలి. ఏ రచయితా ఇంత గొప్ప సీను రాయలేదు. ఈ సీను రాసింది రాజ్యాంగం. సినిమా ఇవ్వని కుర్చీని రిజర్వేషన్ ఇచ్చింది. ప్రతిభ ప్రతిభ అని అరిచేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. ప్రతిభ ఒక్కదాని మీద ఆధారపడ్డ రంగంలో ఆయనకి దొరికింది తన్ను. రిజర్వేషన్ ఉన్న రంగంలో దొరికింది మంత్రి పదవి.

కానీ జనం జ్ఞాపకంలో ఏం మిగిలింది? ఈ వ్యాసం రాసే ముందు మా ఊళ్ళో, విజయనగరంలో తెలిసినవాళ్ళని అడిగాం. తన్ను అందరికీ గుర్తుంది. మంత్రి అయిన సంగతి ఎవరికో తప్ప గుర్తులేదు. గుర్తున్న ఒకాయన కూడా "ఆడు మంత్రేటి బాబూ" అని నవ్వేశాడు. రాజకీయాల్లో మనిషికొక ఓటు వచ్చినా సంఘంలో మనిషికొక విలువ రాకపోతే ఏమవుతుందని 1949 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది దీని గురించే. ఓటు ఆయన్ని మంత్రిని చేసింది. నవ్వు ఆయన్ని ఆ కుర్చీలోంచి దించి మళ్ళీ నేల మీద కూర్చోబెట్టింది.

ఆయన రాజకీయ జీవితాన్ని మేం ఆకాశానికెత్తడం లేదు. 2004లో ఓడిపోయారు. 2014లో టీఆర్ఎస్ తరఫున అందోలు నుంచే గెలిచారు. 2018లో టికెట్ రాకపోతే బీజేపీలోకి వెళ్ళారు. పార్టీలు మారడం అందరు నాయకులూ చేసేదే. కానీ రిజర్వుడు సీట్లో గెలిచినవాడి టికెట్ వేరేవాళ్ళ చేతిలో ఉంటుంది, సినిమాలో వేషం వేరేవాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఇది బాబూమోహన్ ఒక్కరి బలహీనత కాదు. ఆ స్థానాల నిర్మాణంలోనే ఉన్న లోపం.

మా యాస, మా నవ్వు

ఖమ్మం మనిషి గురించి శ్రీకాకుళం వాళ్ళం ఇంత ఎందుకు రాస్తున్నాం? ఆయన ఒళ్ళు వెళ్ళిన దారిలోనే ఇప్పుడు మా నోరు వెళ్తోంది కాబట్టి.

తెలుగు సినిమాలో, టీవీలో మా యాస ఎవరు మాట్లాడతారో చూడండి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్, పనిమనిషి, తింగరి చుట్టం. హీరో మా యాస మాట్లాడేది చాలా అరుదు. మాట్లాడినా ఎక్కువసార్లు అది ఒక సీను వేషం, కాసేపు నవ్వించడానికి. శ్రీకాకుళం నుంచి వలసపోయి హైదరాబాదులో, చెన్నైలో మట్టి మోస్తున్న మనుషుల మాట మధ్యతరగతి డ్రాయింగు రూములో జోకు అయింది. మేం యూనివర్సిటీలో మొదటి సెమినార్లో నోరు విప్పినప్పుడు "ఏటంటే" అని మొదలెట్టాం. వెనక బెంచీల్లో నవ్వు. మేం చెప్పింది భూమి సమస్య గురించి. వాళ్ళు విన్నది "ఏటి" ఒక్కటే. ఆ రోజు మాకు హాస్టల్ గుంటడు గుర్తొచ్చాడు.

మా యాసలో సహజంగా నవ్వొచ్చేదేం లేదు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు 2020లో పోయేదాకా ఇదే యాసలో పాడారు. వేలమంది విన్నారు. ఒక్కడూ నవ్వలేదు, పిడికిలి బిగించారు. సుబ్బారావు పాణిగ్రాహి ఇక్కడి జముకుల కథని ఉద్యమానికి తెచ్చి, 1969లో ప్రాణం ఇచ్చారు. అదే మాట, అదే నోరు. ఎవరు మాట్లాడిస్తున్నారు, ఎవరి కోసం మాట్లాడిస్తున్నారు అన్నదాన్ని బట్టి అది పాట అవుతుంది, జోకు అవుతుంది.

విజయనగరం గడ్డ మీద నవ్వుకి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1892లో ఇక్కడ మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో గురజాడ ఎవరిని చూసి నవ్వించాడు? అగ్నిహోత్రావధాన్లని, లుబ్ధావధాన్లని, ఇంగ్లీషు ముక్కల గిరీశాన్ని. తన ఇంటివాళ్ళని చూసే నవ్వించాడు. అది పైకి చూసే నవ్వు. దానికి కూడా హద్దు ఉంది. లుబ్ధావధాన్లు ఇంటి నౌకరు అసిరి ఆ నాటకంలో ఉన్నాడు గానీ అసిరి కళ్ళతో ఆ ఇంటిని చూసే నాటకం ఇంకా ఎవరూ రాయలేదు. రాయాల్సింది మనం.

ఆ పని కొంచెం మొదలైందా అనిపించిన సందర్భం ఒకటుంది. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' ద్వారా పేరు తెచ్చుకున్న శ్రీకాకుళం కుర్రాడు షకలక శంకర్. ఆయన కులం మాకు ఇక్కడ చర్చ కాదు, యాసే చర్చ. ఆ కార్యక్రమంలో ఆడవాళ్ళ మీద, ఒంటి రంగు మీద, పేదరికం మీద వేసే జోకులు మాకు అసహ్యం. కానీ శంకర్‌కి పేరు తెచ్చిన వాటిలో ముఖ్యమైనది దర్శకుడు రాంగోపాల్ వర్మని అనుకరిస్తూ చేసిన స్కిట్లు. శ్రీకాకుళం కుర్రాడు సినిమా పరిశ్రమలో పెద్ద మేధావి అనిపించుకున్న మనిషి నడకనీ మాటనీ పట్టుకుని ఆటాడుకున్నాడు. అప్పుడు నవ్వు పైకి వెళ్ళింది. 'గీతాంజలి', 'రాజుగారి గది' లాంటి సినిమాల్లోకి వెళ్ళాక మళ్ళీ పాత చట్రంలోకే వచ్చింది. భయపడేవాడు, తింగరివాడు, దెబ్బలు తినేవాడు. 2018లో 'శంభో శంకర'తో హీరోగా నిలబడ్డారు. హీరో అయినందుకు నవ్వినవాళ్ళని కూడా మేం చూశాం. "ఈడు హీరోయేట్రా" అన్న మాట మా ఊళ్ళోనే విన్నాం. అది మా హాస్టల్లో మేం అన్న మాటే. "నువ్వు కోటేటిరా."

చేయాల్సిన పని

నవ్వడం మానేద్దామని మేం అనడం లేదు. నవ్వు లేని ఉద్యమం ఎండిన చెరువు. మన పేటల్లో పెళ్ళిలో, చావులో, అమ్మవారి సంబరంలో ఆడవాళ్ళు వేసే ఎకసెక్కాలు వింటే అర్థమవుతుంది, మనకి నవ్వు ఎవరూ నేర్పక్కర్లేదు. బుర్రకథలో పక్కన నిలబడే హాస్యగాడిని చూడండి. వాడు కథకుణ్ణి మధ్యలో ఆపి అడ్డం ప్రశ్నలేస్తాడు, రాజుని ఎగతాళి చేస్తాడు. వాణ్ణి ఎవరూ తన్నరు. వాడు అడిగితేనే కథ ముందుకి నడుస్తుంది. సినిమాకి వచ్చేసరికి ఆ ప్రశ్న పోయింది, తన్ను మిగిలింది.

కాబట్టి మన ముందు మూడు పనులున్నాయి. మొదటిది, బాబూమోహన్ లాంటి నటుల్ని విదూషకులుగా కాదు, బాధితులుగానూ కాదు, కళాకారులుగా చదవడం. రెండోది, ఏ హాస్యం చూసినా నవ్వు పైకి వెళ్తోందా, కిందికి వస్తోందా అని అడగడం. మూడోది అన్నిటికంటే కష్టం. మన నవ్వుని మనమే సోదా చేసుకోవడం.

ఈ మూడోదాని గురించి మాకు అనుభవం ఉంది. రెండేళ్ళ కిందట సంబరానికి ఊరెళ్ళినప్పుడు ఆ హాస్టల్ గుంటడు కనిపించాడు. చెన్నైలో సెంట్రింగు పని చేస్తున్నాడు. పాత సంగతులు వచ్చాయి. ఆట సంగతి మేమే ఎత్తి, తప్పయిపోయిందిరా అన్నాం. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "తన్నులు నాకు గురుతు లేవురా. ఆ ఒక్క రోజు కోటనౌతానంటే ఒప్పుకోనేదు కదా, అది గురుతుంది."

మేం చదివిన సిద్ధాంతాలన్నీ ఆ మాట దగ్గర ఆగిపోయాయి. వాడికి బాధ తన్ను కాదు. వేషం మార్చుకోనివ్వకపోవడం. బాబూమోహన్‌కి తెలుగు సినిమా చేసింది అదే. మనలో మనం చేసుకుంటున్నదీ అదే.